ఒక లోహం, ఒక ద్విత్వాక్షరం

వార్షిక సంచిక వెలువడే వేళకు సంపాదక వర్గం విద్యార్థులు మా వద్దకు వచ్చి, "సార్, ఈ యేడు ఏ కవిని గూర్చి వ్రాస్తున్నారు?" అని అడగడం పరిపాటి. గడచిన సంవత్సరాలలో మేము ప్రబంధాలను గూర్చి, శతకాలను గూర్చి వ్రాసినాము. ఈసారి వ్రాయబూనిన విషయం తెలుగు శాఖకు చెందినది కాదు. ప్లాటినం అనే లోహంతో చేసిన మందు క్యాన్సర్ కణంలోని డి.ఎన్.ఏ.ను ఏ విధంగా పట్టుకొంటుందో చెప్పడం ఈ వ్యాసం పని. తెలుగు ఎం.ఏ. చదివినవారికి ఇదేమి పని అని పెద్దలైన కళాశాల కమిటీ సభ్యులు అనుకొనవచ్చును. మా విజ్ఞానశాస్త్ర శాఖల సహోద్యోగులు నవ్వుకొననూ వచ్చును. మేము కోరి ఎన్నుకొన్న విషయం కాదిది. మా ఇంటికి వచ్చి, మా ఎదుట కూర్చుండి, సమాధానం చెప్పమని అడిగినది.

ముందుగా ఆ ఇంటి సంగతి కొంత చెప్పవలసి ఉన్నది. భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో, గోదావరి ఒడ్డున పర్ణశాల అనే గ్రామం ఉన్నది. మా చిన్ననాట అది ఖమ్మం జిల్లా. 2016లో జిల్లాలు విడిపోయిన పిమ్మట భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరినది. సీతారాములు వనవాసకాలంలో ఇచ్చట ఆకుల కుటీరం కట్టుకొన్నారనీ, మాయలేడి ఇచ్చటనే కనిపించినదనీ స్థలపురాణం. సీతవాగులోని రాళ్ళమీది చారలను చూపి, ఇవి సీతమ్మ చీరలు ఆరవేసిన గుర్తులని యాత్రికులకు చెబుతారు. తరగతిలో రామాయణ ఘట్టాలను బోధించేటప్పుడు మా కన్నుల ముందు మెదిలే అడవి ఈ అడవియే.

మా అబ్బాజాన్ ఆ ప్రాంతపు పల్లెలలో ముప్పై యేండ్లు తునికాకు కల్లేదారుగా పనిచేసినారు. ఏప్రిల్, మే నెలలలో కోయ కుటుంబాలవారు తెల్లవారుజామున అడవికి పోయి ఆకు కోసుకొని వచ్చి, యాభై ఆకులను ఒక కట్టగా నారతో కట్టి కల్లానికి తెచ్చేవారు. వేయి కట్టలైతే ఒక బస్తా. కట్ట విప్పి ఆకు లెక్క చూచుట, ఎండలో వరుసగా పరచుట, తిరగవేయుట, చిట్టా వ్రాయుట ఇవన్నీ అబ్బాజాన్ పనులు. వేసవి సెలవులలో మేమూ ఆ కల్లంలో తిరిగినవారమే. ఆకు ఎండే వాసన మాకు ఇప్పటికీ బాల్యం వాసన. ఆ ముప్పై యేండ్లూ అబ్బాజాన్ నోట బీడీ ఆరినది లేదు. "ఆకు అమ్మేటోడు ఆకు తాగకపోతే ఎట్ల?" అని నవ్వేవారు.

కొన్నేండ్ల క్రిందట ఆయన గొంతు బొంగురుపోయినది. చలి అనుకొన్నాము. తరువాత మెతుకు దిగడం కష్టమైనది. నగరంలో పరీక్షలు చేయించగా, గొంతులో రాచపుండు అని తేలినది. ఆరేడు వారాలు కరెంటు పెట్టవలెననీ, వారానికొకసారి సిస్‌ప్లాటిన్ అనే మందు సెలైన్‌లో కలిపి ఎక్కించవలెననీ డాక్టరుగారు నిర్ణయించినారు. రేడియేషన్‌ను మనవారు కరెంటు అనే అంటారు. ఆస్పత్రి గుమాస్తా ఒక కాగితం తెచ్చి సంతకం చేయమన్నాడు. అది నాలుగు పుటల ఇంగ్లీషు కాగితం. అబ్బాజాన్‌కు ఉర్దూ వచ్చును, తెలుగు చిట్టా వ్రాయ వచ్చును, ఇంగ్లీషు రాదు. మేము చదివి చెప్పబోయి, రెండవ పేరాలోనే ఆగిపోయినాము. మాటలు తెలిసినవి, అర్థం తెలియలేదు. "అంతా మంచే వ్రాసి ఉంది అబ్బా, సంతకం పెట్టండి" అన్నాము. ఆయన పెట్టినారు. ఆ అబద్ధం మమ్ములను చాలాకాలం బాధించినది.

రెండవ వారం మందు ఎక్కిన తరువాత వాంతులు మొదలైనవి. మూడు రోజులు నీళ్ళు కూడా నిలువలేదు. నాలుగవ నాడు ఆస్పత్రి వెనుక మేము అద్దెకు తీసుకొన్న గదిలో అబ్బాజాన్ గోడకు ఆనుకొని కూర్చుండి, మెల్లగా అన్నారు: "బేటా, నన్ను పర్ణశాలకు తీస్కపో. ఇగ చాలు."

మేము బతిమాలినాము. కోపగించినాము కూడా. ఆయన వినలేదు. కొంతసేపటికి ఇట్లన్నారు: "ప్లాటినం అంటే నగలు చేసే లోహమంట గదా. దాన్ని నా నరంల పోస్తున్రు, నేను కక్కుతున్న. అది లోపలికి పోయి ఏం జేస్తది? నువ్వు పిల్లలకు పాఠం చెప్పేటోనివి గదా, నాకు చెప్పు. తెలిస్తే ఉంట. తెల్వకుండ ఇంత బాధ ఎందుకు పడాలె?"

మా వద్ద సమాధానం లేదు. మూడవ మోతాదుకు ఇంకా మూడు రోజులు ఉన్నది.

ఆ సాయంత్రమే మా కళాశాల రసాయనశాస్త్ర ఉపన్యాసకులకు ఫోను చేసినాము. ఆయన మరునాడే బస్సెక్కి వచ్చినారు. రెండు సాయంత్రాలు ఆ గది ముందరి అరుగుమీద కూర్చుండి, మాకు పాఠం చెప్పినారు. పద్యానికి టీకా తాత్పర్యాలు వ్రాసుకొన్నట్లు వ్రాసుకొన్నాము. మేము గ్రహించిన దానిని ఇక్కడ విద్యార్థి మిత్రులకు నివేదిస్తున్నాము.

సిస్‌ప్లాటిన్ కొత్త పదార్థం కాదు. ఇటలీ దేశీయుడైన మిషెల్ పెయ్‌రోన్ 1845లోనే దీనిని తయారుచేసినాడు. చాలాకాలం దీనిని పెయ్‌రోన్ లవణం అనే పిలిచినారు. 1893లో ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ దీని నిర్మాణాన్ని ఊహించి చెప్పినాడు. నడుమ ఒక ప్లాటినం పరమాణువు, చుట్టూ చతురస్రపు నాలుగు మూలలలో రెండు క్లోరిన్‌లు, రెండు అమ్మోనియాలు. చదరపు చాపమీద నలుగురు కూర్చున్నారనుకొనండి. ఇద్దరు క్లోరిన్‌లూ ప్రక్కప్రక్క మూలలలో కూర్చుంటే అది సిస్ రూపం, ఎదురెదురుగా కూర్చుంటే ట్రాన్స్ రూపం. పరమాణువులు అవే, లెక్క అదే, కూర్చున్న తీరు మాత్రమే వేరు. ఆ తీరులోనే ప్రాణం పోసే సంగతి దాగి ఉన్నదని నూరేండ్లకు పైగా ఎవరికీ తెలియలేదు.

అది తెలిసిన విధం కూడా చిత్రమైనది. అమెరికాలోని మిచిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే ఆచార్యుడు, విద్యుత్తు ప్రభావం సూక్ష్మజీవుల విభజనపై ఎట్లుంటుందో చూడదలచి, ప్లాటినం పలకల నడుమ వాటిని పెంచినాడు. అవి రెండుగా చీలడం మానివేసి, మామూలు పొడవుకు మూడు వందల రెట్ల వరకు దారాలవలె సాగిపోయినవి. ఇది విద్యుత్తు మహిమ అని మొదట తోచినది. విచారించగా, పలకల నుండి కొద్దిగా కరిగిన ప్లాటినం, ద్రావణంలోని అమ్మోనియా క్లోరిన్‌లతో కలిసి చేసిన పని అని తేలినది. ఈ సంగతి 1965లో ప్రకటితమైనది. కణం పెరుగుతున్నది గాని చీలడం లేదు. క్యాన్సర్ అంటే అదుపు లేకుండా చీలిపోయే కణమే గదా అన్న ఆలోచన వచ్చి, ఎలుకల కణుతులపై ప్రయోగించి 1969లో ఫలితాలు వెల్లడించినారు. 1978లో అమెరికా ప్రభుత్వం దీనిని మందుగా అనుమతించినది. వెతికినది ఒకటి, దొరికినది మరొకటి. అయితే దొరికిన దానిని పారవేయక, ఎందుకిట్లయినదని అడిగిన వానికే అది మందుగా మారినది.

ఇక మందు లోపలికి పోయిన తరువాతి కథ. మన రక్తంలో ఉప్పుకు సంబంధించిన క్లోరైడు ఎక్కువ. అందువలన రక్తంలో ఉన్నంతసేపు మందులోని క్లోరిన్‌లు చాలావరకు తమ చోటు వీడవు. కణం లోపల క్లోరైడు బహు తక్కువ. అక్కడికి చేరగానే ఒక క్లోరిన్ లేచిపోతుంది, ఆ చోట నీరు వచ్చి కూర్చుంటుంది. నీటి పట్టు సడలినది, ఇట్టే విడిపోతుంది. అప్పుడు ప్లాటినం ధనావేశం గలదై, పట్టుకొనుటకు చేయి చాచి ఉంటుంది. అది వెతికేది డి.ఎన్.ఏ.ను.

డి.ఎన్.ఏ. అంటే రెండు పేటల దారం. మెలితిరిగిన నిచ్చెన అనీ చెప్పవచ్చును. దానిపై నాలుగే అక్షరాలు: అడెనీన్, థైమీన్, గ్వానీన్, సైటోసీన్. మనకు యాభైకి పైగా అక్షరాలుండగా ప్రకృతి నాలుగింటితో సుమారు 300 కోట్ల అక్షరాల గ్రంథాన్ని ఒక్కొక్క కణంలో వ్రాసిపెట్టినది. ఈ అక్షరాలు పళ్ళాల దొంతరవలె ఒకదానిపై ఒకటి 3.4 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడంతో బల్లపరుపుగా పేర్చి ఉంటవి. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు. మెలిక వలన నిచ్చెనకు ఒకవైపు పెద్ద గాడి, మరొకవైపు చిన్న గాడి ఏర్పడతవి. గ్వానీన్ అక్షరంలో ఏడవ స్థానంలోని నత్రజని పరమాణువు పెద్ద గాడిలోనికి తల పెట్టి చూస్తుంటుంది. ప్లాటినం మొదట పట్టుకొనేది దానినే.

ఇక్కడ తెలుగు ఉపన్యాసకునికి చెవి నిక్కబొడుచుకొనే మాట ఒకటి వచ్చినది. ప్లాటినం ఒక గ్వానీన్‌ను పట్టుకొని ఊరకుండదు. రెండవ క్లోరిన్ కూడా తొలగిపోగా, అదే పేటలో ప్రక్కనున్న రెండవ గ్వానీన్‌ను రెండవ చేతితో పట్టుకొంటుంది. డి.ఎన్.ఏ.పై ఏర్పడే ఇటువంటి ముడులలో నూటికి సుమారు 65 గ్వానీన్ ప్రక్కన గ్వానీన్ ఉన్న చోటనే పడతవి. మరి సుమారు 25 అడెనీన్ ప్రక్కన గ్వానీన్ ఉన్న చోట పడతవి. మా శాఖ పరిభాషలో చెప్పవలెనంటే, ఈ మందు ప్రధానంగా ద్విత్వాక్షరాన్ని వెతికి పట్టుకొంటుంది. ట్రాన్స్ రూపానికి చేతులు ఎదురెదురు దిక్కులలో ఉన్నవి కనుక ప్రక్కప్రక్క అక్షరాలను అది ముడివేయలేదు. అందుకే అది మందు కాలేదు.

ముడి పడితే ఏమగును? బల్లపరుపుగా ఉన్న రెండు పళ్ళాల అంచులను ఒక చిన్న కొక్కెం దగ్గరకు లాగితే అవి ఒకదానివైపు ఒకటి వాలుతవి. దొంతర అంతా ఆ చోట వంగుతుంది. ఆచార్య స్టీఫెన్ లిప్పర్డ్ బృందంవారు 1985లో రెండు అక్షరాల చిన్న తునకతో ప్లాటినం ముడి స్ఫటికాన్ని ఎక్స్-కిరణాలతో చూచినారు. 1995లో పన్నెండు అక్షరాల జంట పేటలో ముడిని పూర్తిగా చూచి రూపం ప్రకటించినారు. నిచ్చెన పెద్ద గాడివైపు 35 నుండి 40 డిగ్రీలు వంగినది. వెనుకవైపు చిన్న గాడి వెడల్పై, లోతు తగ్గి తెరచుకొన్నది. ద్రావణంలో చూచినవారికి ఈ వంపు ఇంకా ఎక్కువగా కనబడినది. 1999లో అదే బృందంవారు మరొకటి చూపినారు. హెచ్.ఎం.జి. వర్గపు మాంసకృత్తు ఒకటి ఆ తెరచుకొన్న చిన్న గాడిలో వచ్చి వాలుతుంది. తన చేతిలోని ఫినైల్ అలనీన్ అనే చదునైన వలయాన్ని, వాలిన రెండు గ్వానీన్‌ల సందులో సీలవలె దిగగొడుతుంది.

కణానికి ఈ వంపు పెద్ద ఆపద. గ్రంథానికి నకలు తీసే యంత్రం వచ్చి ఆ వంపు వద్ద నిలిచిపోతుంది. మరమ్మతు చేసే మాంసకృత్తులు వచ్చి, ముడి ఉన్న పాతిక ముప్పై అక్షరాల ముక్కను కత్తిరించి, కొత్త అక్షరాలు పూడ్చవలెనని చూస్తవి. ముడిమీద ఇతర మాంసకృత్తులు కూర్చుండి ఉంటే ఆ మరమ్మతుకు అడ్డం వచ్చునని పరిశోధకుల భావం. బాగుచేయలేనంత చెడినదని తేలినప్పుడు కణం తనను తానే చంపుకొంటుంది. అదుపు లేకుండా, వేగంగా నకలు తీసుకొనే క్యాన్సర్ కణానికి ఈ వంపులు ఎక్కువగా ఎదురుపడతవి. ఊపిరి పీల్చుకొని మరమ్మతు చేసుకొనే తీరిక దానికి తక్కువ.

రెండవ సాయంత్రం సహోద్యోగి వెళ్ళిపోయిన తరువాత, మేము చీపురు పుల్లలు విరిచి, రెండు దారాలకు వరుసగా కట్టి, చేరెడు పొడవు నిచ్చెన చేసినాము. అబ్బాజాన్ గోడకు ఆనుకొని చూస్తున్నారు. నిచ్చెనను నేలమీద నిడుపుగా పరచి, నడుమ ఉన్న రెండు పుల్లల కొసలను ఒకవైపు మాత్రమే చిన్న దారంతో దగ్గరకు బిగించినాము. నిచ్చెన ఆ చోట వంకర తిరిగినది. ఎంత సర్దినా తిన్నగా రాలేదు.

"అబ్బా, పుండులో ఉన్న కణం చీలాలంటే ఈ నిచ్చెనకు నకలు తీసుకోవాలి. మందులో ఉన్న ప్లాటినం ఈ చిన్న దారం. రెండు మెట్లను పట్టి కట్టేస్తుంది. నకలు తీసేది ఇక్కడి దాకా వచ్చి ఆగిపోతుంది."

ఆయన నిచ్చెనను చేతిలోకి తీసుకొన్నారు. ముప్పై యేండ్లు నారముడులు చూచిన వ్రేళ్ళు ఆ ముడిని తడిమి చూచినవి. "అంటే ఇది తుపాకి గాదు. ఉచ్చు" అన్నారు. అడవిలో జంతువు నడిచే దారిలో పెట్టే ఉచ్చు ఆయనకు తెలుసును.

"ఔను అబ్బా, ఉచ్చే."

"ఉచ్చుల పడేది దొంగ లేడి ఒక్కటేనా?"

ఆ ప్రశ్నకు మేము నిజమే చెప్పినాము. కాదు; మంచి కణాలూ పడతవి. వేగంగా పెరిగే ప్రేగుల కణాలకు, వెంట్రుకల కుదుళ్ళకు, ఎముక మూలుగలో నెత్తురు చేసే కణాలకు దెబ్బ తగలవచ్చును. వాంతులకు ఒక కారణం మందు ప్రేగులను, మెదడులోని వాంతి కేంద్రాన్ని రేపడం. మందు మూత్రపిండాల గుండా పోయేటప్పుడు వాటిని గాయపరుస్తుంది. అందుకే ముందు వెనుకల సెలైన్ బాటిళ్ళు ఎక్కిస్తారు, నీరు ఎక్కువగా త్రాగమంటారు. చెవి లోపలి సన్నని వెంట్రుకల కణాలు చచ్చిపోతే మరల రావు. అంతవరకు నీళ్ళ గ్లాసును చేతితో నెట్టివేస్తున్న మనిషి, "ఈ మాట ముందే చెప్పకపోతివి" అని గ్లాసు తీసుకొన్నారు.

మరొక మాట చెప్పవలెనా వద్దా అని మేము తటపటాయించినాము. చివరకు చెప్పినాము. పొగాకు పొగలోని బెంజోపైరీన్ వంటి విషాలు శరీరంలో మార్పు చెంది, డి.ఎన్.ఏ.లో ముఖ్యంగా అంటుకొనేది కూడా గ్వానీన్‌కే. ప్లాటినం పట్టేది ఏడవ స్థానపు నత్రజనిని, ఆ విషం అంటేది అదే అక్షరానికి మరొక మూలనున్న నత్రజనిని. పొగ త్రాగేవారి ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో పి-53 అనే కాపలా జన్యువు ఎక్కువగా చెడే చోట్లూ, ఈ విషం వచ్చి అంటుకొనే చోట్లూ ఒకటేనని 1996లో వెల్లడైనది. అక్షరం చెడినా కణం చావదు. తప్పు అక్షరంతోనే నకలు తీసుకొని, ఆ తప్పును పిల్లలకు, పిల్లల పిల్లలకు అప్పగిస్తుంది. అక్షరదోషం తరతరాలకు పాకిన వ్రాతప్రతి ఎట్లుంటుందో తాళపత్రాలు పరిష్కరించినవారికి తెలుసును.

అబ్బాజాన్ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "నా బీడీ చెరిపిన అచ్చరాన్నే ఈ మందు పట్టుకున్నదన్నమాట" అన్నారు. ఆ రాత్రి పడుకొనే ముందు జేబులోని బీడీ కట్టను తీసి మా చేతికిచ్చినారు. రోగం వచ్చిన తరువాత కూడా ఆయన వద్ద అది ఉన్నదని మాకు అంతవరకు తెలియదు. మూడవ మోతాదుకు ఆయనే మాకంటె ముందు లేచి తయారైనారు.

ఆరు మోతాదులు పూర్తి అయినవి. ఒకనాడు లెక్క వేసి చూచినాము. మోతాదుకు సుమారు 60 మిల్లీగ్రాముల మందు. అందులో మూడింట రెండు వంతులు ప్లాటినం. ఆరు వారాలలో ఆయన ఒంట్లోకి పోయిన లోహమంతా కలిపి పావు గ్రాము లోపే. ఒక చిన్న ముక్కుపుడక బరువైనా ఉండదు. అందులోనూ డి.ఎన్.ఏ.ను చేరేది అతి స్వల్పం. ఈ మందు తీసుకొన్నవారి రక్తంలో ఇరవై యేండ్ల తరువాత కూడా ప్లాటినం ఆనవాళ్ళు కనబడినవని తెలిసినప్పుడు, ఈ లోహం అబ్బాజాన్ తోడు ఎల్లకాలం ఉండునని ఊరట కలిగినది, భయమూ కలిగినది.

మన జాతి బిడ్డ ఒకరిని ఇక్కడ స్మరించకపోతే ఈ వ్యాసం అసంపూర్ణం. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధన నడిపినారు. వారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో, రక్తపు క్యాన్సర్ సోకిన పసిపిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించవచ్చునని సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 1948లో లోకానికి చూపినాడు. ఆ యేడే సుబ్బారావుగారు పరమపదించినారు. దానికి తోబుట్టువైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. ఆ మందు చేసే పని వేరు. డి.ఎన్.ఏ. అక్షరాలు తయారగుటకు ఫోలిక్ ఆమ్లం కావలెను. ఈ మందు చూచుటకు అచ్చం ఫోలిక్ ఆమ్లంవలె ఉంటుంది. కణం మోసపోయి దానిని పట్టుకొంటుంది, పని ఆగిపోతుంది. మాయలేడి కథ పుట్టిన నేలమీద పెరిగిన మాకు ఈ ఉపాయం అర్థమగుటకు ఎక్కువసేపు పట్టలేదు. తెలుగువాని మందు అక్షరాలు పుట్టకుండా చేస్తుంది; ప్లాటినం పుట్టిన అక్షరాలను ముడివేస్తుంది.

సిస్‌ప్లాటిన్‌కు తరువాత తమ్ములూ వచ్చినారు. 1989లో అమెరికాలో అనుమతి పొందిన కార్బోప్లాటిన్‌లో క్లోరిన్‌ల చోట మెల్లగా విడిపోయే సేంద్రియ సమూహం ఉన్నది. మూత్రపిండాలకు బాధ తక్కువ. ఆక్సాలిప్లాటిన్‌లో అమ్మోనియాల చోట పెద్ద వలయం ఉన్నది. పెద్దప్రేగు క్యాన్సర్‌లో దానిని వాడతారు. మూడూ డి.ఎన్.ఏ.ను పట్టుకొనే పద్ధతి మూలంలో ఒకటే. అయినా వీటిని సర్వరోగ నివారిణి అనుకొనరాదు. కొన్ని కణాలు మందును లోనికి రానీయవు, కొన్ని బయటికి నెట్టివేస్తవి, కొన్ని ముడులు విప్పుకొనడంలో ఆరితేరుతవి. అబ్బాజాన్ ప్రక్క మంచంలో అదే మందు ఎక్కించుకొన్న ఒక పెద్దమనిషి ఆ వానాకాలం దాటలేదు. ఆయన కుమారుడు ఒకనాడు మా చీపురు పుల్లల నిచ్చెనను చూచి, "సార్, మా నాయనకు కూడా చెప్పండి" అని అడిగినాడు. చెప్పినాము. ఆ ముసలాయన శ్రద్ధగా విని, "తెలిసి పోవడం మేలు నాయనా" అన్నాడు.

రెండేండ్ల తరువాత, శీతాకాలంలో, అబ్బాజాన్ కోరిక మీద పర్ణశాలకు పోయినాము. గోదావరి నీరు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడి ఉన్నవి. కల్లం ఉండే చోట గడ్డి మొలచినది. ఆయన ఆ చుట్టూ ఒకసారి నడచినారు. ఒడ్డున చెట్టుమీద చిన్న పిట్టలు గుంపుగా అరుస్తున్నవి. "ఈ చెట్టు మీద పిట్టలు ఉండేటియి, ఇప్పుడు లేవేమి?" అని అడిగినారు. మేము తలయెత్తి పిట్టలను చూచినాము, ఆయన ముఖాన్ని చూచినాము. సన్నని ధ్వనులు ఆయనకు వినబడవు. అజాన్ వినబడుతుంది, మా మాట వినబడుతుంది, పడవవాని కేక వినబడుతుంది. పిట్టల కూత మాత్రం మందుకు చెల్లించిన మూల్యం.

వేలు చూపి, "ఉన్నవి అబ్బా, అరుస్తున్నవి" అన్నాము.

ఆయన కొంతసేపు కొమ్మలకేసి చూచి, కదిలే రెక్కలను గుర్తించి, "సరే, ఉన్నయి గదా" అని ముందుకు నడచినారు.

విద్యార్థి మిత్రులారా! ఈ కథలో మీకు చెప్పదగినవి రెండు మాటలు. బీడీ, సిగరెట్టు, గుట్కా, జర్దా ఇవి మీ కణాలలోని గ్రంథాన్ని ప్రతిదినం చెరిపే చేతులు. చెరిపిన దానిని దిద్దుటకు ఎంత గొప్ప మందు వచ్చినా, అది చెవినో మూత్రపిండాన్నో అడుగుతుంది. ఇది మొదటి మాట.

రెండవది మా శాఖకు, ఉర్దూ శాఖకు చెందినది. ఆనాడు మేము సంతకం చేయించిన కాగితం తెలుగులోనో ఉర్దూలోనో ఉండి ఉంటే, మా అబ్బాజాన్ మూడు రోజులు నీళ్ళు నెట్టివేసేవారు కాదు. ఆ తరువాత మేము ఒకే పుటలో, పెద్ద అక్షరాలలో, ప్లాటినం మందు ఏమి చేస్తుంది, నీరు ఎందుకు త్రాగవలెను, చెవిలో హోరు వస్తే డాక్టరుగారికి ఎందుకు చెప్పవలెను అని తెలుగులో వ్రాసినాము. రసాయనశాస్త్ర మిత్రులు తప్పులు దిద్దినారు. ఉర్దూ శాఖవారు దానిని ఉర్దూలో వ్రాయ పూనుకొన్నారు. ఈ రెండు పుటలను ఒకే కాగితానికి రెండు వైపుల ముద్రించుటకు కళాశాల కమిటీవారు అనుమతి, కాగితం ఖర్చు ప్రసాదింతురని ఆశిస్తున్నాము. మన విద్యార్థులలో ఆస్పత్రి మంచం ప్రక్కన కూర్చుండవలసినవారు ప్రతి యేడూ ఎవరో ఒకరు ఉంటారు. వారి పెద్దలు అడిగే ప్రశ్నకు, వారి చేతిలో ఆ కాగితమైనా ఉండవలెను.